రాస్ప్‌బెర్రీ పై 400, 500: ఏసీ లేని గదిలో స్పీడు ఎలా కొలవాలి?

మధురవాడ_పై:
కీబోర్డులోనే కంప్యూటరున్న ఈ రెండింటినీ పోల్చాలి. ప్రాసెసర్ వేగం కొలిచే సిస్‌బెంచ్ పది సెకన్లు నడిపితే చాలా? గది 34 డిగ్రీలు.

ఉప్పుగాలి:
చాలదండీ. రెండిట్లోనూ ఫ్యాను లేదు, కీల కింద పెద్ద అల్యూమినియం రేకే దిక్కు. అది వేడెక్కడానికే నిమిషాలు పడుతుంది, మీ టెస్టు ఆలోపే అయిపోతుంది. ప్రాసెసర్ మీద పూర్తి భారం వేసే స్ట్రెస్-ఎన్‌జీ ప్రోగ్రాముని నాలుగు కోర్ల మీద అరగంట నడపండి. పక్క టెర్మినల్‌లో ఐదు సెకన్లకోసారి చిప్పు ఉష్ణోగ్రత, క్లాకు (ప్రాసెసర్ వేగం) చూస్తూ ఉండండి. 400 అయితే 1.8, 500 అయితే 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర నిలబడాలి. 80 డిగ్రీలు దాటితే క్లాకు దిగడం మొదలవుతుంది, 85 దగ్గర గట్టిగా కోసేస్తుంది. ఫలితం పక్కన గది ఉష్ణోగ్రత రాయకపోతే ఆ అంకె ఎవరికీ పనికిరాదు: గది పది డిగ్రీలు పెరిగితే చిప్పూ దాదాపు అంతే పెరుగుతుంది. బల్ల మీదే పెట్టండి, పరుపు మీద పెడితే అడుగునున్న గాలి రంధ్రాలు మూసుకుపోతాయి.

మధురవాడ_పై:
ఉష్ణోగ్రత 62 దాటలేదు, అయినా 500 నత్తనడక నడుస్తోంది. వేగం ఎందుకు తగ్గిందో చెప్పే గెట్-థ్రాటిల్డ్ కమాండులో 0ఎక్స్50005 అని వచ్చింది.

గాజువాక_సోల్డర్:
అది వేడి కాదు గురూ, వోల్టేజీ. చివర 5 ఉంటే ఇప్పుడు కూడా తక్కువ వోల్టేజీయే అందుతోందని అర్థం, ముందున్న 5 ఆన్ చేసినప్పటి నుంచి ఎప్పుడో ఒకప్పుడు జరిగిందని. వేడి వల్లయితే ముందు అంకె చోట సాధారణంగా ఇంగ్లీషు అక్షరం ‘ఈ’ కనిపిస్తుంది. ముందు అంకె రీస్టార్ట్ చేసేదాకా పోదు, కాబట్టి ప్రతి టెస్టుకీ ముందు రీస్టార్ట్ చెయ్యాలి. ఛార్జరు ఏది?

మధురవాడ_పై:
ల్యాప్‌టాప్‌ది, 65 వాట్లు.

గాజువాక_సోల్డర్:
దొరికింది. ఆ 65 వాట్లు 20 వోల్టుల దగ్గర ఇచ్చేవి. 5 వోల్టుల దగ్గర అలాంటివి ఎక్కువగా 3 ఆంపియర్లే ఇస్తాయి. 500కి 5.1 వోల్టుల దగ్గర 5 ఆంపియర్లు ఇచ్చే, 27 వాట్లదని అమ్మే అడాప్టరు కావాలి, 400కైతే 3 ఆంపియర్లు చాలు. సన్నటి పొడుగు కేబులైతే దారిలోనే వోల్టేజీ తినేస్తుంది, సుమారు 4.63 వోల్టుల కిందికి పడితే ఆ తక్కువ వోల్టేజీ హెచ్చరిక వస్తుంది. ఇంటి కరెంటు హెచ్చుతగ్గుల్ని తిట్టుకోకండి, మంచి అడాప్టరు 100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకుంటుంది.

ఎంవీపీ_టక్స్:
సిస్టమ్ ఉండే మైక్రోఎస్‌డీ కార్డునీ కొలవండి. ఎఫ్‌ఐఓ అనే ప్రోగ్రాములో 4కే ర్యాండమ్ టెస్టు (చిన్న ముక్కల్ని అక్కడక్కడా చదవడం, రాయడం), ర్యామ్‌ని దాటేసి నేరుగా కార్డునే కొలిచే డైరెక్ట్=1 సెట్టింగు తప్పనిసరి, లేకపోతే ర్యామ్ స్పీడు చూసి మురిసిపోతారు. ‘ఏ1’ ముద్ర ఉన్న కార్డు సెకనుకి కనీసం 1500 ర్యాండమ్ రీడ్‌లు, 500 రైట్‌లు ఇవ్వాలి. ఏ2 అయితే 4000, 2000, అదీ కమాండ్ క్యూ (పనుల్ని వరుసగా ముందే కార్డుకి పంపడం) ఉంటేనే. అందులో సగం కూడా రాకపోతే ఎఫ్3 అనే ప్రోగ్రాముతో నకిలీదేమో చూడండి. కార్డు చెత్తదైతే బ్రౌజరు తెరవడానికే యుగం పడుతుంది, జనం ప్రాసెసర్‌ని తిడతారు.

ఉప్పుగాలి:
వీడియోతో పోల్చొద్దు. 500లో హెచ్.264 అనే వీడియో ఫార్మాటుని విప్పే హార్డ్‌వేర్ డీకోడరు లేదు, భారమంతా కోర్ల మీదే. 400లో ఉంది. అందుకే అలాంటి వీడియో ఆడేటప్పుడు 500లో సీపీయూ వాడకం ఎక్కువ కనిపించినా లోపమనుకోకండి.

మధురవాడ_పై:
27 వాట్ల అడాప్టరు పెట్టి రీస్టార్ట్ చేశా. అరగంట తర్వాత కూడా 0ఎక్స్0 (ఏ హెచ్చరికా లేదు), క్లాకు 2.4 మీదే. ఇక కార్డు సంగతి చూడాలి.