బోద్లేర్ ఉత్తరం ఒకరి బీరువాలో ఉండొచ్చా?

కాగితప్పడవ:
2018 నవంబరులో ఫ్రాన్స్‌లో ఫ్రెంచ్ కవి బోద్లేర్ ఉత్తరం ఒకటి వేలానికి వచ్చింది. 1845 జూన్ 30న, 24 ఏళ్ల వయసులో, తను చనిపోతున్నానని ప్రియురాలు జాన్ ద్యువాల్‌కి రాసిన ఉత్తరం. ఆ రోజే కత్తితో పొడుచుకున్నాడు గానీ బతికాడు. దాన్ని ఎవరో 2,34,000 యూరోలకు పాడుకున్నారు. ఇలాంటివి డబ్బున్నవాళ్ల బీరువాల్లోకి పోవడం సబబేనా? నా మటుకు నాకు కాదు. లైబ్రరీలో ఉండాలి, అడిగినవాళ్లకి చూపించాలి. మీరేమంటారు?

పాతసంతకం:
నేను ఫ్రెంచ్ ఉత్తరాలు సేకరిస్తాను, కాబట్టి తిట్లు నాకే తగులుతాయి. చెప్పేది వినండి మరి.

అసలు ఈ ఉత్తరాలు ఇన్నాళ్లు మిగిలింది ఎవరో ఒకరు దాచుకోబట్టే. చిత్రకారుడు సెజాన్, నవలాకారుడు జోలా చిన్ననాటి స్నేహితులు. 1886లో ఓడిపోయిన చిత్రకారుడి మీద జోలా నవల వచ్చాక, అది తన గురించేనని సెజాన్ నొచ్చుకుని ఇద్దరికీ చెడిందని, ఆ ఏప్రిల్‌లో రాసిందే సెజాన్ ఆఖరి ఉత్తరమని ఏళ్ల తరబడి పుస్తకాల్లో రాశారు. తీరా చూస్తే 1887 నవంబరు 28న సెజాన్ రాసిన మరో ఉత్తరం బయటపడింది. జోలా తన ‘లా తేర్’ నవల పంపినందుకు థ్యాంక్స్ చెబుతూ, నిన్ను చూడటానికి వస్తానని రాశాడు. ఒక్క కాగితంతో వందేళ్ల కథ మారిపోయింది. అది మళ్లీ కనిపించింది వేలంపాట పుణ్యమా అనే.

పైగా అన్నీ లక్షల యూరోల సరుకు కాదు. పేరున్న రచయితలవి కూడా ‘గురువారం భోజనానికి రాలేను’ లాంటి పొడి ఉత్తరాలు కొన్ని వందల యూరోలకే దొరుకుతాయి. వాటి కోసం ఏ లైబ్రరీ పోటీ పడుతుంది చెప్పండి?

తులూజ్ తెలుగోడు:
పాతసంతకం గారూ, అరిస్తోఫిల్ సంగతి ఎత్తలేదేం? ఇక్కడ ఫ్రాన్స్‌లో ఇంకా జనం చెప్పుకుంటారు. ఆ కంపెనీ ఉత్తరాలనీ రాతప్రతులనీ వాటాలుగా చేసి మామూలు మదుపరులకు అమ్మింది. ఐదేళ్లలో మంచి లాభం వస్తుందని ఆశ పెట్టింది. దాదాపు 18,000 మంది, 85 కోట్ల యూరోల దాకా పెట్టారు. రిటైరైనవాళ్ల డబ్బులు కూడా అందులో ఉన్నాయి. 2014లో పోలీసులు సోదాలు చేశారు, 2015లో కంపెనీ దివాలా తీసింది. 2017 చివర్లో మొదలెట్టి ఆ సరుకంతా ఏళ్ల పాటు వేలం వేశారు. చాలావాటికి కొన్న ధరలో సగం కూడా రాలేదు. ‘సేకరణ’ అని మొదలైంది ‘పెట్టుబడి’గా మారితే ఇదే గతి.

కాగితప్పడవ:
నేను అంటున్నదీ అదేనండీ. కాగితానికి ధర కట్టాక దాని మీద ఏం రాసుందో ఎవడికి కావాలి?

పాతసంతకం:
అరిస్తోఫిల్‌ని వెనకేసుకొచ్చే ఉద్దేశం నాకు లేదు. వాళ్లు సేకర్తలు కాదు, చీటీల వ్యాపారులు. కానీ అదే సరుకులోంచి 2020 జూన్‌లో ఏం వచ్చిందో చూడండి. 1888 నవంబరులో ఫ్రాన్స్‌లోని ఆర్ల్ ఊరి నుంచి చిత్రకారులు వాన్ గో, గోగాన్ ఇద్దరూ కలిసి తోటి చిత్రకారుడు ఎమీల్ బెర్నార్‌కి రాసిన ఉత్తరం. 2,10,600 యూరోలు పెట్టి కొన్నది వాన్ గో ఫౌండేషన్, ఆమ్‌స్టర్‌డామ్‌లోని వాన్ గో మ్యూజియం కోసం. చివరికి చేరాల్సిన చోటికే చేరింది కదా!

జిడ్డు ప్రశ్న:
అసలు అవి నిజమైనవేనని గ్యారంటీ ఏంటి బాస్? 1860ల్లో మిషెల్ షాల్ అనే పెద్ద గణితవేత్తకు వ్రాన్ లూకా అనేవాడు వేలకు వేలు దొంగ ఉత్తరాలు అంటగట్టాడు. క్లియోపాత్రా రాసినవి కూడా ఉన్నాయి, అదీ ఫ్రెంచ్‌లో! న్యూటన్ కంటే ముందే గురుత్వాకర్షణ కనిపెట్టింది ఫ్రెంచ్ శాస్త్రవేత్త పాస్కల్ అని షాల్ ఆ కాగితాలు పట్టుకుని సైన్స్ అకాడమీలో వాదించాడు. 1870లో లూకాకి రెండేళ్ల జైలు పడింది. అంత చదువుకున్నాయనే బోల్తా పడితే మనమెంత?

పాతసంతకం:
అందుకే కేటలాగులో ఎల్.ఎ.ఎస్. అని ఉందా, ఎల్.ఎస్. అని ఉందా చూడాలి. మొదటిదైతే ఉత్తరమంతా స్వదస్తూరీ, కింద సంతకం. రెండోదైతే సంతకం మాత్రమే ఆయనది, రాసింది గుమాస్తా. ఇంతకుముందు ఎవరెవరి చేతుల్లో ఉందో కూడా అడగాలి. చెప్పడానికి నసిగితే కొనొద్దు.

లాయర్ బాబాయ్:
ఒక చిక్కుముడి అందరూ మర్చిపోతున్నారు. ఫ్రాన్స్ చట్టం ప్రకారం కాగితం అందుకున్నవాళ్లది, రాత హక్కు మాత్రం రచయితది, ఆయన పోయాక 70 ఏళ్ల వరకు వారసులది. ఉత్తరం కొన్నంత మాత్రాన అచ్చు వేసుకునే హక్కు రాదు. అలాగని కొన్నవాడిదే ఇష్టారాజ్యమనీ కాదు. వేలంలో సుత్తి పడ్డాక ప్రభుత్వ ప్రతినిధి లేచి ‘ఇది మాకు’ అనొచ్చు. అదే ధరకి ప్రభుత్వం తీసుకుంటుంది, పాడుకున్నవాడు ఖాళీ చేతులతో ఇంటికి పోతాడు. జాతీయ నిధి అని ముద్ర వేస్తే 30 నెలలు దేశం దాటించడానికి వీల్లేదు. ఇంత పట్టు ఉన్నప్పుడు సొంత సేకరణల్ని నిషేధించాల్సిన పని లేదు.

కాగితప్పడవ:
నిషేధించమనలేదు బాబాయ్ గారూ. ఫ్రెంచ్ చిత్రకారుడు ఎద్వార్ మనే సంగతే తీసుకోండి. 1880 వేసవిలో ఒంట్లో బాగోక పారిస్ దగ్గరి బెల్వ్యూలో ఉంటూ స్నేహితులకు రాసిన ఉత్తరాల అంచుల్లో రేగుపళ్లంత పండ్లూ పూలూ నీటిరంగుల్లో వేశాడు. వాటిలో కొన్ని ఇప్పుడు ప్రభుత్వ సేకరణలో ఉన్నాయి కాబట్టి మనలాంటివాళ్లు ఫోన్‌లో అయినా చూడగలుగుతున్నాం. కొన్నవాళ్లు ఒక స్కాన్ లైబ్రరీకి ఇవ్వాలని రూలు పెడితే నాకు చాలు.

పాతసంతకం:
స్కాన్ ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు. ‘రూలు’ అంటేనే ఒప్పుకోను. రూలు పెట్టిన మర్నాటి నుంచి వేలానికి రావాల్సినవి గుట్టుగా చేతులు మారతాయి. అప్పుడు సెజాన్ ఉత్తరం లాంటిది బయటికే రాదు.

జిడ్డు ప్రశ్న:
మరి మీ దగ్గర ఉన్నవాటి స్కాన్లు ఎప్పుడు పెడతారు సార్?