స్వీడిష్ నుంచి ఇంగ్లీషు అనువాదం: పని దొరుకుతుందా, రేటు ఎంత అడగాలి?

ప్రశ్న (స్వీడన్‌లో_ఉష)
ఎనిమిదేళ్లుగా గోథెన్‌బర్గ్‌లో ఉంటున్నానండి. పని ఆసుపత్రి ల్యాబ్‌లో, రోజంతా స్వీడిషే, చదవడం రాయడం బాగా వచ్చేసింది. ఇప్పుడు ఉద్యోగం సగం రోజుకి తగ్గించుకుని స్వీడిష్ నుంచి ఇంగ్లీషులోకి అనువాదాలు చేద్దామనుకుంటున్నా. డేనిష్, నార్వేజియన్ కూడా కష్టపడితే చదవగలను. కానీ ఇక్కడ అందరికీ ఇంగ్లీషు వచ్చు కదా, డబ్బిచ్చి ఎవరు చేయించుకుంటారని మావారు అంటున్నారు, ఆ మాట విన్నప్పటి నుంచి ఒకటే టెన్షన్. ఒక ఏజెన్సీ పదానికి ఇంత అని ఒక రేటు చెప్పింది, అది ఎక్కువో తక్కువో తెలియట్లేదు. చేసినవాళ్లు చెప్పరూ?

జవాబు (పాత_అనువాదకుడు)
మీవారు అన్నది సగం నిజమేనండి. మామూలు మెయిళ్లు, వెబ్‌సైట్ల సంగతులు వాళ్లే ఇంగ్లీషులో రాసుకుంటారు, మనకొచ్చేది వాటిని సరిదిద్దే పని. కానీ కోర్టు తీర్పు, రోగి రికార్డు, ఒప్పందం లాంటివి ముందు వాళ్ల భాషలోనే పుడతాయి, వాటికి అనువాదకులు కావాల్సిందే. స్వీడిష్ మాట్లాడేవాళ్లు కోటి చిల్లర, డేనిష్ 60 లక్షలు, నార్వేజియన్ 50 లక్షల పైన. పని తక్కువే గానీ చేయగలిగేవాళ్లు ఇంకా తక్కువ, అందుకే స్పానిష్ లాంటి పెద్ద భాషల కంటే రేటు సాధారణంగా మెరుగ్గానే ఉంటుంది. డెన్మార్క్ అంటే మందుల కంపెనీలు, నార్వే అంటే చమురు, ఓడలు. మీరు ల్యాబ్‌లో చేశారు కాబట్టి వైద్యం వదలకండి, అన్నీ చేస్తానంటే ఎవరూ గుర్తుపెట్టుకోరు. స్వీడన్‌లో కమ్మార్‌కొలెజియెట్ అనే ప్రభుత్వ సంస్థ పరీక్ష పెట్టి అనువాదకులకు అధికారిక గుర్తింపు ఇస్తుంది, కొన్నాళ్లు చేశాక అది రాయండి.

జవాబు (పదాల_లెక్క)
రేటు కంటే ముందు ఒకటి అడగండి: లెక్క స్వీడిష్ పదాలకా, ఇంగ్లీషు పదాలకా? మన సమాసాల్లాగే అక్కడ కూడా పదాలు అతుక్కుపోతాయి. వార్షిక నివేదికకి వాళ్ల మాట 'ఓర్స్‌రెడోవీస్నింగ్' ఒకటే పదం, ఇంగ్లీషులో రెండు. 'హూసెట్' ఒకటి, 'ద హౌస్' రెండు. నా మొదటి పెద్ద పని స్వీడిష్‌లో ఆరు వేల పదాలు, ఇంగ్లీషులోకి వచ్చేసరికి ఏడు వేలు దాటింది, ఆ పైవాటికి ఒక్క క్రోనా రాలేదు. చాలా బాధపడ్డాను.

ఇంకోటి, డీప్ఎల్ అనే మెషీన్ అనువాద సైట్‌లోకి స్వీడిష్, డేనిష్ 2021లో, నార్వేజియన్ 2023లో వచ్చాయి. ఇప్పుడు 'మెషీన్ చేసింది, కాస్త చూసి పెట్టండి' అని రేటు బాగా తగ్గించి అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. అలాంటి పని గంటల లెక్కన అయితేనే ఒప్పుకోండి, ఎందుకంటే చెత్తగా ఉన్నది సరిచేయడం కొత్తగా రాయడం కంటే ఎక్కువ టైమ్ తింటుంది. అంకెల దగ్గర మరీ జాగ్రత్త: వాళ్ల 'మిల్యార్డ్' అంటే వంద కోట్లు, అంటే ఇంగ్లీషు బిలియన్. వాళ్ల 'బిల్యోన్' మాత్రం లక్ష కోట్లు, దాన్ని బిలియన్ అని రాస్తే వెయ్యి రెట్ల తప్పు. 'రూలిగ్' స్వీడిష్‌లో సరదా, డేనిష్ నార్వేజియన్‌లలో ప్రశాంతం. కష్టపడితే చదవగలను అన్న భాషకి అప్పుడే రేటు చెప్పకండి.

జవాబు (కథల_పిచ్చి)
నేను సాహిత్యం వైపు. దీంతోనే ఇల్లు గడవదు, ముందే చెప్తున్నా. బ్రిటన్‌లో కొన్నేళ్ల క్రితం వెయ్యి పదాలకు 95 పౌండ్లు మంచి రేటు కింద లెక్క. నవల అంటే నెలల పని. అయినా నార్వేలో నోర్లా, స్వీడన్‌లో కుల్తూర్‌రోడెట్ అనే సంస్థలు విదేశీ ప్రచురణకర్తలకు అనువాద ఖర్చులో సాయం చేస్తాయి, అది ఉందని చెప్తే ప్రచురణకర్త కాస్త వింటాడు. స్వీడిష్ నుంచి ఇంగ్లీషు చేసేవాళ్లకి సెల్టా అనే సంఘం 1982 నుంచి ఉంది. నార్వేజియన్ చేస్తే దాన్ని రాసే రెండు పద్ధతుల్లో ఒకటైన నీనోర్స్క్ కూడా నేర్చుకోండి, 2023 సాహిత్య నోబెల్ అందులో రాసే రచయితకే వచ్చింది.

స్వీడన్‌లో_ఉష
అందరికీ థాంక్సండి. ఏజెన్సీని అడిగాను, లెక్క స్వీడిష్ పదాలకేనట. ఇరవై శాతం పెంచమని ఇప్పుడే మెయిల్ పెట్టాను, వైద్య పత్రాలు మాత్రమే తీసుకుంటానని కూడా రాశాను. జవాబు వచ్చాక ఇక్కడే చెప్తా.