గడ్డం కింద కొవ్వుకి ఇంజెక్షన్: పెళ్లికి ఐదు వారాలే ఉంది, చేయించుకోవచ్చా?

బెజవాడ_అమ్మాయి

అందరికీ నమస్తే. నాకు 34, ఇద్దరు పిల్లలు, రెండూ ఆపరేషన్లే. బరువు మరీ ఎక్కువేం కాదు, 63 కిలోలు, ఎత్తు ఐదు అడుగుల రెండు. కానీ గడ్డం కింద చిన్న సంచి వేలాడుతున్నట్టు ఉంటుంది. మా అమ్మకీ ఇంతే, పెద్దమ్మకీ ఇంతే. ఐదు కిలోలు తగ్గి చూశా, చెంపలు పీక్కుపోయాయి గానీ అది మాత్రం అక్కడే ఉంది. దానికి తోడు జాకెట్టు చేతుల దగ్గర కండ బయటికి పొంగుతుంది. మొన్న టైలర్ కొలత తీసుకుంటూ "రెండు ఇంచులు వదులు పెట్టనా అమ్మా" అన్నాడు, ఇక ఆ రోజంతా నా మూడ్ సంగతి అడక్కండి.

మా వీధి చివర పార్లర్ ఆవిడ కొవ్వు కరిగించే ఇంజెక్షన్లు ఇస్తోంది. కొరియా మందట. గడ్డానికి, చేతులకి, పొట్టకి, సిజేరియన్ కుట్ల మీద పడే మడతకి, అన్నిటికీ అదే మందు. సిట్టింగ్ 6,500, మూడు కలిపి తీసుకుంటే 17,000. "కొవ్వంతా కరిగి యూరిన్‌లో పోతుంది, మర్నాడే ఆఫీసుకి వెళ్లిపోవచ్చు" అంటోంది. చెల్లి పెళ్లి మాఘంలో, సరిగ్గా ఐదు వారాలుంది. మా ఆయనకి ఇంకా చెప్పలేదు.

చేయించుకున్నవాళ్లు ఉంటే చెప్పండి. "నువ్వు ఉన్నట్టే బాగున్నావు" అనే జవాబులు వద్దు ప్లీజ్, అవి ఇంట్లో ఫ్రీగా దొరుకుతున్నాయి.

డల్లాస్_గోంగూర

నేను చేయించుకున్నా చెల్లీ, గడ్డం కింద మాత్రమే, ఇక్కడ స్కిన్ డాక్టర్ దగ్గర, కైబెల్లా అని. రెండు సిట్టింగులు అయ్యాయి. ముందు ఒక స్టిక్కర్ అతికించి తీస్తారు, చర్మం మీద చుక్కలు పడతాయి, అచ్చం ముగ్గుకి చుక్కలు పెట్టినట్టే. ఒక్కో చుక్క దగ్గర ఒక్కో పోటు. మొదటిసారి నేను లెక్కపెట్టా, 24. సూది నొప్పి పెద్ద లెక్కలోది కాదు, తర్వాత వచ్చే మంట ఉంది చూడు, పచ్చిమిరపకాయలు కోసిన చేత్తో మెడంతా రుద్దుకున్నట్టు ఉంది. ఓ పావుగంట ఐసు పెట్టుకుని కూర్చుంటే తగ్గింది.

అసలు కథ మర్నాడు. అద్దంలో చూసుకుంటే కప్ప. నిజంగా కప్పే, గడ్డానికీ మెడకీ తేడా లేదు. వారం రోజులు ఆఫీసు మీటింగుల్లో కెమెరా ఆఫ్ చేసి, ఇంట్లో కూడా స్టోలు చుట్టుకుని తిరిగా. వాపు పది రోజులకి దిగింది గానీ లోపల గట్టిగా, తిమ్మిరిగా దాదాపు నెలన్నర ఉంది, ముట్టుకుంటే ఆ చోటు నాది కానట్టు ఉండేది. మొదటి సిట్టింగ్‌కి నాకు పెద్ద తేడా కనిపించలేదు, రెండోది అయిన ఆరు వారాలకి మా అమ్మ వీడియో కాల్‌లో "చిక్కావేంటే" అంది.

మళ్లీ చేయించుకోమంటే గడ్డానికి చేయించుకుంటా. కానీ పెళ్లికి ఐదు వారాల ముందు మాత్రం వద్దు. ఆల్బమ్ జన్మంతా ఉంటుంది.

జిమ్_బాబాయ్

ఈ సూదులు, మందులు ఎందుకమ్మా. పొద్దున్నే గంట నడక, రాత్రి అన్నం మానేసి రెండు పుల్కాలు, రోజూ తల పైకెత్తి దవడ ఆడించే ఎక్సర్‌సైజు యాభై సార్లు. నెలలో పోతుంది, నాది గ్యారంటీ.

కర్నూలు_స్కిన్_పీజీ

బాబాయ్ గారూ, నడక మంచిదే, ఆపమని ఎవరూ అనరు. కానీ ఏ కండని ఆడిస్తే ఆ కండ మీది కొవ్వే కరగదు, ఒళ్లు ఎక్కడ తగ్గాలో అది మన మాట వినదు. ఆవిడ ఐదు కిలోలు తగ్గి చూశానని రాశారు కదా. మీ గ్యారంటీ జేబులో పెట్టుకోండి, ఏమీ అనుకోవద్దు.

అక్కా, నేను డెర్మటాలజీ పీజీ చేస్తున్నా, కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తా. డల్లాస్ అక్క చేయించుకున్న కైబెల్లాలో ఉండే మందు పేరు డీఆక్సీకోలిక్ యాసిడ్. మన పిత్తరసంలో ఉండేదే, తిన్న నూనె, నెయ్యి అరగడానికి ఉపయోగపడుతుంది. దాన్ని చర్మం కింద కొవ్వులోకి ఎక్కిస్తే కొవ్వు కణాల గోడలు పగిలిపోతాయి. పగిలిన చెత్తని ఒంట్లోని రక్షణ కణాలు వారాల తరబడి ఎత్తిపోస్తాయి, డల్లాస్ అక్క చెప్పిన వాపు అదే. యూరిన్‌లో పోవడం అనేది పార్లర్ సైన్సు. మర్నాడే ఆఫీసు అన్నారంటే ఒకటి, ఆవిడకి తెలియదు, లేదా సీసాలో ఉన్నది వేరే ఏదో.

అమెరికాలో మందులకి అనుమతి ఇచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ దీనికి 2015 ఏప్రిల్‌లో అనుమతి ఇచ్చింది, అదీ పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లకి గడ్డం కింద కొవ్వు వరకే. చేతులకి లేదు, పొట్టకి లేదు, తొడలకి లేదు. గడ్డం కింద కూడా లెక్క చాలా కచ్చితం: పోటుకి 0.2 మి.లీ., పోటుకీ పోటుకీ సెంటీమీటరు దూరం, ఒక సిట్టింగ్‌లో 50 పోట్లు దాటకూడదు, సిట్టింగుల మధ్య కనీసం నెల గ్యాప్, మొత్తం ఆరు. మీ ఐదు వారాల్లో మూడు సిట్టింగులు ఎలా పడతాయో నాకు అర్థం కాలేదు.

సూది ఎక్కడ పడుతుందన్నదే అసలు విద్య. దవడ అంచున ఒక సన్నటి నరం పోతుంది, మందు దానికి తగిలితే నవ్వినప్పుడు పెదవి ఒక పక్కకి లాగుతుంది. ట్రయల్స్‌లో డాక్టర్లు చేసినా నూటికి నలుగురికి అలా అయింది, తర్వాత తగ్గింది అనుకోండి, కానీ కొందరికి నెలలు పట్టింది. పెళ్లి ఫొటోల్లో వంకర నవ్వు ఊహించుకోండి. చర్మానికి మరీ దగ్గరగా పడితే పుండు పడి మచ్చ మిగులుతుంది.

ఇంకోటి, గడ్డం కింద ఉన్నదంతా కొవ్వే అనుకోవద్దు. థైరాయిడ్ ఉబ్బు కావచ్చు, లాలాజల గ్రంథి కావచ్చు, సాగిన చర్మం కావచ్చు. చర్మం వదులైతే కొవ్వు తీశాక ఇంకా వేలాడుతుంది. చేత్తో పట్టి చూడకుండా, మింగమని అడక్కుండా సూది తీసేవాళ్ల దగ్గర కూర్చోకండి. ఆస్పిరిన్‌లాంటి రక్తం పలచబడే మందులు వాడుతుంటే ముందే చెప్పాలి. పాలిచ్చే తల్లులకి చేయం.

పేరు_వద్దు_లెండి

రాయాలా వద్దా అనుకుంటూనే రాస్తున్నా. హైదరాబాదులో ఒక పార్లర్‌లో పొట్టకి వేయించుకున్నా, పోయిన ఏడాది. నాకూ కొరియా మందే అన్నారు. పది రోజులకి బొడ్డు పక్కన చింతపిక్కంత గట్టి గడ్డ తగిలింది, "కొవ్వు కరుగుతోంది, మసాజ్ చేసుకోండి" అన్నారు, చేసుకున్నా, బుద్ధి లేక. నెలకి మూడు గడ్డలయ్యాయి, ఒకటి పగిలి చీము కారడం మొదలైంది. మామూలు యాంటీబయాటిక్‌కి లొంగలేదు. చివరికి పెద్దాసుపత్రిలో చీము కల్చర్‌కి పంపితే టీబీ క్రిమికి చుట్టంలాంటిదేదో అన్నారు, శుభ్రం లేని సూదుల వల్ల వస్తుందట. ఐదు నెలలు మాత్రలు. ఇప్పుడు పొట్ట మీద మూడు గుంటలు, చుట్టూ నల్ల మచ్చ. కొవ్వు మాత్రం అలాగే ఉంది. ఆ పార్లర్ ఇప్పుడు లేదు, అదే చోట మొబైల్ షాపు ఉంది.

ఖమ్మం_కుర్రాడు

డౌట్. ఇది మౌంజారో, వెగోవీ లాంటిదేనా? మా బావ వారానికోసారి పొడుచుకుంటున్నాడు, పొట్ట బాగానే తగ్గింది.

కర్నూలు_స్కిన్_పీజీ

కాదు బ్రో, ఇంజెక్షన్ అన్న మాట తప్ప రెండింటికీ పోలిక లేదు. మీ బావ తీసుకునేది ఆకలి తగ్గిస్తుంది, ఒళ్లంతా తగ్గుతుంది, షుగర్‌కీ పనిచేస్తుంది. 2025లో మన దేశంలోకి వచ్చాయి అవి, డాక్టర్ రాస్తేనే వాడాలి. ఇదేమో పొడిచిన చోట కొవ్వు కణాలని చంపుతుంది, తూకంలో చూస్తే తేడా కూడా కనపడదు. పొట్ట లోపల పేగుల చుట్టూ ఉండే కొవ్వుని, అంటే షుగర్, గుండె జబ్బు తెచ్చిపెట్టేదాన్ని, ఈ సూది అసలు తాకదు. మనవాళ్లలో ఆడవాళ్లకి నడుము 80 సెంటీమీటర్లు, మగవాళ్లకి 90 దాటితే ఆ లోపలి కొవ్వు గురించి ఆలోచించాలి.

పేరు వద్దన్న మేడం, మీరు రాసింది కల్పన కాదని మాకు తెలుసు, అలాంటి కేసులు మా ఓపీకి వస్తాయి. ఇలా డాక్టర్ల చేతిలో లేకుండా అమ్ముడయ్యే కొవ్వు ఇంజెక్షన్ల వల్ల ఇన్‌ఫెక్షన్లు, మచ్చలు, గడ్డలు వస్తున్నాయని 2023 డిసెంబరులో ఎఫ్‌డీఏ కూడా హెచ్చరించింది. బెజవాడ అక్కా, ఒక పని చేయండి, ఆ సీసా, దాని డబ్బా చూపించమనండి. బయటి నుంచి తెచ్చిన మందైతే ఇంపోర్ట్ లైసెన్స్ నంబరు, ఇక్కడ దిగుమతి చేసుకున్నవాళ్ల అడ్రసు దాని మీద ఉండాలి.

బెజవాడ_అమ్మాయి

అడిగానండీ, ఇవాళ సాయంత్రం. ఫ్రిజ్‌లోంచి తీసింది, పక్కనే ఫేషియల్ క్రీములు, ఒక గిన్నెలో దోసెల పిండి కూడా ఉంది, ఒట్టు. సీసా మీద అంతా కొరియా అక్షరాలే, మన దేశం అడ్రసు లేదు, ఎమ్మార్పీ కూడా లేదు. డబ్బా ఏదంటే పారేశానంది. ఫొటో తీసుకుంటానంటే "నమ్మకం లేకపోతే వద్దులేమ్మా" అని ఫ్రిజ్ తలుపు వేసేసింది. అడ్వాన్సు వెయ్యి ఇచ్చాను, అది వెనక్కి రాదు, వదిలేశా.

అక్కడి నుంచి నేరుగా స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్లా. ఆవిడ గడ్డం కింద వేళ్లతో పట్టి, నీళ్లు తాగి మింగమని, తల పైకెత్తమని, చాలాసేపు చూశారు. కొంత కొవ్వు, కొంత చర్మమే అన్నారు, థైరాయిడ్ పరీక్ష రాశారు, ఏది చేసినా పెళ్లయ్యాకే అన్నారు. చేతులకి మాత్రం ఇంజెక్షన్ మాటే ఎత్తొద్దన్నారు. రిపోర్టు రేపు వస్తుంది. టైలర్‌కి ఫోన్ చేసి రెండు ఇంచులు వదలమని చెప్పేశా.

డల్లాస్_గోంగూర

దోసెల పిండా!! రిపోర్టు రాగానే ఇక్కడ పెట్టు చెల్లీ.