ఇసుక దిబ్బ మీద పసుపు పువ్వు, ఇది ఆవ జాతేనా?

కళింగపట్నం అబ్బాయి:
వానలు పడ్డాక మొన్న సముద్రం వైపు వెళ్తే, సరుగుడు తోట దాటాక ఇసుక దిబ్బ మీద, రావణాసురుడి మీసాల గడ్డి మధ్య ఒక మొక్క కనిపించింది. మోకాలెత్తు ఉంది, పసుప్పచ్చ పువ్వు, నాలుగే రేకులు, సన్నటి కాయ, లోపల ఆవాల్లాంటి గింజలు. ఆవ కుటుంబంలో ఒక అరుదైన పువ్వు ఇసుక దిబ్బల్లోనే బతుకుతుందని ఎక్కడో చదివాను. ఇది అలాంటిదేమో! పక్కనే ట్రాక్టర్లు ఇసుక తోడేస్తున్నాయి, అదే టెన్షన్.

రిటైర్డ్ మాస్టారు:
ఆకు చూశావా బాబూ? ఒక్కో కాడకి మూడో అయిదో చిన్నాకులుండి, కాండం ముట్టుకుంటే జిగురంటుకుని ఘాటు వాసనొస్తే అది కుక్కవామింట. ఆవకి చుట్టమే గానీ ఆవ కాదు. పువ్వు విప్పి కేసరాలు లెక్కపెట్టు. ఆవ జాతికి సాధారణంగా ఆరే, నాలుగు పొడుగు, రెండు పొట్టి. కుక్కవామింటకి పది దాటతాయి.

పలాస జీడితోట:
తమ్ముడు చదివింది కాలిఫోర్నియాలోని కాంట్రా కోస్టా వాల్‌ఫ్లవర్ గురించి అయ్యుంటుంది. లోకం మొత్తం మీద అది సహజంగా పెరిగేది ఆంటియాక్ దగ్గర ఏటి ఒడ్డు దిబ్బల్లోనే. 1906 భూకంపం తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కోని మళ్లీ కట్టడానికి ఇటుకలకని ఆ ఇసుక తవ్వేశారు. 1978లో ఆ మొక్కని అంతరించిపోతున్న వాటి జాబితాలో చేర్చారు, 1980లో దిబ్బల్ని రక్షిత ప్రాంతం చేశారు. అయినా గండం గడవలేదు, ఎందుకంటే దానికి గాలికి కదిలే బోసి ఇసుక కావాలి, మిగిలిన చోటంతా బయటి గడ్డి కమ్మేసి మొలకలకి జాగా లేకుండా చేసింది. ఇప్పుడు ఏట్లో పూడిక తీసిన ఇసుక తెచ్చి దిబ్బల మీద పోస్తున్నారు. మన దగ్గర మాత్రం బోసిగా ఉన్న దిబ్బని పనికిరాని నేల అంటారు, అదే నా బాధ.

కళింగపట్నం అబ్బాయి:
పొద్దున్నే వెళ్లొచ్చాను మాస్టారూ. వేళ్లకి జిగురు ఇంకా వదల్లేదు. కేసరాలు పద్నాలుగు, కుక్కవామింటే. కానీ ట్రాక్టర్ కోసిన చోట బాలబంద తీగల వేళ్లు మనిషెత్తున గాల్లో వేలాడుతున్నాయి, చూసి కడుపు తరుక్కుపోయింది. అర్జీ పెడదామంటే అరుదైన మొక్క కూడా లేదు కదా, ఏమని రాయను?

రిటైర్డ్ మాస్టారు:
మొక్క గురించి కాదు, దిబ్బ గురించే రాయి. 2019 తీరప్రాంత నియంత్రణ నోటిఫికేషన్‌లో ఇసుక దిబ్బలు అన్నిటికంటే గట్టి రక్షణ ఉన్న మొదటి శ్రేణిలో ఉన్నాయి. ఆ మాట రాసి, వేళ్లు వేలాడే ఫొటో జతచేసి తహసీల్దారు ఆఫీసులో ఇయ్యి. రసీదు తీసుకోకుండా మాత్రం రాకు.