రిహార్సల్ షీట్‌లో తేదీలు కలగాపులగం అయ్యాయి, చూడండి

స్టేజ్ టీమ్: స్లాట్లు సార్ట్ చేస్తే 3 ఏప్రిల్, 3 ఫిబ్రవరి, 3 మార్చి వరసగా వస్తున్నాయి, ఆ తర్వాత 4వ తేదీలన్నీ. హాల్ వాళ్ళకి ఏ లిస్ట్ పంపాలి?

రిజిస్ట్రేషన్ టీమ్: ఇప్పుడే చూశా అన్నా. ఎవరో టెక్స్ట్ ఫంక్షన్‌తో (తేదీని అక్షరాలుగా మార్చే ఫార్ములా) తేదీలు మార్చి, ఆ వచ్చినవాటినే అసలు కాలమ్ మీద వాల్యూస్‌గా, అంటే ఫార్ములా లేకుండా ఫలితం మాత్రమే, పేస్ట్ చేసేశారు. ఇక అవి తేదీలు కావు, ఉత్త అక్షరాలు, అందుకే ముందు అంకె చూసి పేర్చేస్తోంది. సెల్‌లో ఎడమ పక్కకి అతుక్కుని ఉన్నాయి చూడండి, నిజం తేదీలైతే కుడి పక్కకి ఉంటాయి. తేదీ ఎలా కనిపించాలన్నదే సమస్యైతే సెల్ ఫార్మాట్ మారిస్తే చాలు, షీట్ తేదీని లోపల ఒక నంబర్‌గా దాచుకుంటుంది, అది అలాగే ఉంటుంది. వారం పేరు కావాలంటే డీడీడీడీ అని కస్టమ్ ఫార్మాట్ పెట్టుకోండి, సార్టింగూ ఫిల్టరూ ఏవీ చెడవు.

మెయిల్స్ టీమ్: మార్చింది మేమే అక్కా. "మీ రిహార్సల్" పక్కన సెల్ కలిపితే 46115 అని వస్తోంది, జనాలకి అలా పంపలేం కదా!

రిజిస్ట్రేషన్ టీమ్: అది 2026 ఏప్రిల్ 3 లోపల దాచుకునే నంబర్, వాక్యంలో కలిపేటప్పుడు ఫార్మాట్ వెంట రాదు. అక్కడ టెక్స్ట్ ఫంక్షన్ వాడాల్సిందే, కాదనను, కానీ చివర్లో వేరే కాలమ్ పెట్టుకుని అందులో వాడండి, అసలు కాలమ్ జోలికి పోవద్దు.

స్టేజ్ టీమ్: మరి ఇప్పుడు పాడైనవాటికి ఫార్మాట్ మార్చేస్తే సరిపోతుందా?

రిజిస్ట్రేషన్ టీమ్: సరిపోదు, ఒకసారి టెక్స్ట్ అయ్యాక ఏ ఫార్మాట్ పెట్టినా కదలదు. డేట్‌వాల్యూతో (అక్షరాల్ని మళ్ళీ తేదీగా మార్చే ఫంక్షన్) వెనక్కి తేవాలి, సంవత్సరం పోయింది కాబట్టి ఈ ఏడాదే అనుకుంటుంది, మనకి అదే కావాలి. నా భయమల్లా చేత్తో టైప్ చేసినవాళ్ళ గురించే. షీట్ లొకేల్ (ఏ దేశం పద్ధతి అన్న సెట్టింగ్) అమెరికా అని ఉంది, అంటే నెల ముందు, మనవాళ్ళేమో అలవాటుకొద్దీ రోజు ముందు కొడతారు, 13/04 అంటే 13వ నెల లేదు కాబట్టి టెక్స్ట్‌గా మిగిలిపోతుంది, దొరుకుతుంది, కానీ 03/04 కొడితే నోరెత్తకుండా మార్చి 4 అయిపోతుంది, దాన్ని ఏ ఫంక్షనూ పట్టుకోలేదు. రోజు 12 లోపున్న, చేత్తో టైప్ చేసిన ఎంట్రీలన్నిటికీ ఫోన్ చేసి అడగడమే దారి.

మెయిల్స్ టీమ్: ఆ ఫోన్లు మేం చేస్తాం. మెయిల్స్ ఆపేశాం.

రిజిస్ట్రేషన్ టీమ్: థాంక్స్. రాత్రికి కాపీ తీసి సరిచేస్తా, నేను మెసేజ్ పెట్టేదాకా షీట్‌లో ఎవరూ ఏదీ పేస్ట్ చేయకండి ప్లీజ్.