అప్‌డేట్: ఆయిల్ పాన్ సరిగ్గా కూర్చుంది

నా 1972 షెవ్రొలే 350 ఇంజిన్‌కి తుప్పు పట్టి కారుతున్న ఆయిల్ పాన్ (ఇంజిన్ అడుగున నూనె నిలిచే తొట్టి) బదులు ఏది కొనాలని అడిగాను కదా, పని అయిపోయింది. మొదట తెప్పించింది 1986 తర్వాతి ఇంజిన్లది. వాటికి వెనక మెయిన్ సీల్ (ఇంజిన్ వెనక కొస దగ్గర నూనె కారకుండా ఆపే రింగు) ఒకే ముక్క, నాదానికి రెండు ముక్కలు. అందుకే పాన్ వెనక వంపు కలవలేదు. అది తిరిగి పంపి, డిప్‌స్టిక్ (నూనె మట్టం చూసే పుల్ల) డ్రైవర్ వైపు ఉండే పాతరకం తీసుకున్నాను.

అసలు టెన్షన్ అంతా పికప్ (పాన్ అడుగు నుంచి నూనె పీల్చే గొట్టం) దగ్గరే. దాని జాలీ మీద క్లే ముద్ద పెట్టి, గ్యాస్కెట్‌తో సహా పాన్ బిగించి విప్పితే, ముద్ద 10 మిల్లీమీటర్ల మందాన నొక్కుకుని ఉంది. జాలీకి, పాన్ అడుగుకి మధ్య ఆ ఖాళీ చాలు. ఈ ఉపాయం చెప్పినవారికి దండాలు! బోల్టులు అతిగా బిగించకండి, పాన్ అంచు వంగిపోతుంది. వారమైంది, కింద పరిచిన అట్టముక్క పొడిగానే ఉంది.