రంపచోడవరం కేంద్రంగా వేరే జిల్లా: మన్యానికి మేలా, భారమా?

పాడేరు పాఠకుడు (చర్చ ప్రారంభం; రంపచోడవరం కేంద్రంగా పోలవరం జిల్లా ప్రతిపాదనపై 2025 చివర్లో ప్రభుత్వం అభ్యంతరాలు స్వీకరించిన రోజుల్లో సాగింది. ఆ తర్వాత 2025 డిసెంబరు 31 నుంచి జిల్లా అమల్లోకి వచ్చింది)

2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో విశాఖ మన్యం నుంచి 11, తూర్పు గోదావరి మన్యం నుంచి 11 మండలాలు చేరాయి. విస్తీర్ణం 12 వేల చదరపు కిలోమీటర్లు దాటినా, 2011 లెక్కల ప్రకారం జనం తొమ్మిదిన్నర లక్షలే. ఇప్పుడు రంపచోడవరం, చింతూరు డివిజన్లను విడదీసి పోలవరం జిల్లా ఏర్పాటు చేస్తామని 2025 నవంబరులో ప్రభుత్వం ప్రకటించింది. అందులో ఉండబోయేది సుమారు మూడున్నర లక్షల మంది. ఇంత తక్కువ జనాభాకు ఒక కలెక్టరేట్, ఒక ఎస్పీ కార్యాలయం, శాఖకొక జిల్లా అధికారి అవసరమా? పాడేరు, రంపచోడవరం, చింతూరులలో ఐటీడీఏలు (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థలు) ఇప్పటికే ఉన్నాయి. వాటి ప్రాజెక్టు అధికారులకు అధికారాలు పెంచి, ఖాళీగా ఉన్న వైద్యుల, ఉపాధ్యాయుల పోస్టులను నింపితే సరిపోతుందని నా అభిప్రాయం. భవనాలు కట్టినంత మాత్రాన మైదానం నుంచి వచ్చిన ఉద్యోగి కొండ మీద కాపురం ఉండడు.

మారేడుమిల్లి వాసి

పాఠకుడు గారూ, ఖాళీల గురించి మీరన్న మాటతో ఏకీభవిస్తాను. జనాభాను కొలమానంగా తీసుకోవడాన్ని మాత్రం ఒప్పుకోలేను. చదరపు కిలోమీటరుకు ఎనభై మంది కూడా లేని చోట తలలు లెక్కపెట్టి కార్యాలయాలు పంచితే, కొండ మీద ఉన్నవాడికి ఎప్పటికీ ఏ కార్యాలయమూ దగ్గర కాదు. చింతూరు మనిషి జిల్లా కేంద్రమైన పాడేరు వెళ్లాలంటే మోతుగూడెం, డొంకరాయి, సీలేరు, చింతపల్లి మీదుగా ఘాట్ రోడ్డులో రోజంతా ప్రయాణించాలి. రాత్రి ఎక్కడ తలదాచుకోవాలన్నది అతనికి పెద్ద ప్రశ్న. మైదానంలో మూడున్నర లక్షల మంది ఒక్క పట్టణంలో ఉంటారు కాబట్టి వారికి ఈ ప్రశ్నే ఎదురుకాదు.

ఇక ఐటీడీఏ చాలునన్న మాట. 2006 అటవీ హక్కుల చట్టం కింద పోడు భూమికి పట్టా కావాలంటే దరఖాస్తు గ్రామసభతో మొదలై, డివిజన్ స్థాయి కమిటీ దాటి, జిల్లా స్థాయి కమిటీకి చేరాలి. ఆ కమిటీకి అధ్యక్షుడు కలెక్టరు. తుది నిర్ణయం అక్కడే. ప్రాజెక్టు అధికారి ఎంత మంచివాడైనా ఆ కుర్చీలో కూర్చోలేడు. తన దరఖాస్తు ఎందుకు తిరస్కరించారో అడగడానికి ఒక కొండరెడ్డి తెగ రైతు, కూలి మానుకొని, బస్సు చార్జీలు అప్పు చేసి, నకలు కాగితాలు ప్లాస్టిక్ సంచిలో చుట్టుకొని పాడేరు చేరితే, ఆ రోజు కలెక్టరు గారు అరకు వైపు పర్యటనలో ఉన్నారని చెబుతారు. ఆ రైతు రెండోసారి వెళ్లడు. అతను వెళ్లకపోవడాన్ని మన లెక్కలు ‘ఫిర్యాదులు లేవు’ అని నమోదు చేసుకుంటాయి. నన్ను అన్నిటికన్నా బాధించేది ఇదే.

1839 నాటి చట్టం గంజాం, విశాఖ మన్యాల పాలనను కలెక్టరు చేతికి గవర్నరు ఏజెంటు హోదాలో అప్పగించింది. ఏజెన్సీ అన్న పేరు అక్కడి నుంచి వచ్చిందే. ఆ కాలం నుంచీ మన్యంలో అధికారమంతా ఒక్క మనిషి దగ్గర పోగుపడింది. అందువల్ల ఆ మనిషి ఎంత దూరంలో కూర్చుంటాడన్నది ఇక్కడి ప్రజలకు చిన్న విషయం కాదు.

ఏటపాక నివాసి

మీ ఇద్దరి వాదనలో మా నాలుగు మండలాలు కనిపించడం లేదు. చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం, ఏటపాక 2014 వరకు ఖమ్మం జిల్లావి. పోలవరం ప్రాజెక్టు కోసం వాటిని ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. మాకు ఆసుపత్రి, అంగడి, బస్సు అన్నీ భద్రాచలమే. పాడేరుతో పోలిస్తే రంపచోడవరం దగ్గరే, కానీ మధ్యలో మారేడుమిల్లి ఘాట్ ఉంది. 2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 71 అడుగులు దాటినప్పుడు కూనవరం, వి.ఆర్.పురం నీట మునిగాయి. అలాంటి రోజుల్లో మాకు కావలసింది చింతూరులోనే ఉండి అక్కడికక్కడ ఉత్తర్వు ఇవ్వగల అధికారి.

ఇంకొక మాట. కొత్త జిల్లా జనాభా మూడున్నర లక్షలంటున్నారు. అందులో పోలవరం ప్రాజెక్టు ముంపు గ్రామాల వారు ఎంతకాలం అక్కడ ఉంటారు? పునరావాస కాలనీల్లో కొన్ని మైదాన జిల్లాల్లో కట్టారు. రాజ్యాంగం ఐదో షెడ్యూలు కిందికి వచ్చే ప్రాంతం దాటిన గిరిజనుడికి, గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా అడ్డుకునే 1/70 చట్టం రక్షణ ఉండదు, అతని భూమిని గిరిజనేతరుడు కొనుక్కోవచ్చు. ఆ కుటుంబాల బాధ్యత ఏ కలెక్టరుదో ఈ ప్రకటనలో తేలకపోతే, జిల్లా వచ్చినా వారు ఎవరికీ చెందనివారుగానే మిగులుతారు.

పాడేరు పాఠకుడు

జిల్లా స్థాయి కమిటీ సంగతి బలమైన వాదన, కాదనను. అయినా ఆ కమిటీ పాడేరులోనే సమావేశం కావాలని చట్టంలో లేదు. నెలకొకసారి చింతూరులో, మరొకసారి రంపచోడవరంలో కూర్చోవచ్చు కదా? ఇందుకు కొత్త జిల్లా అక్కరలేదు, నిబద్ధత ఉంటే చాలు.

మారేడుమిల్లి వాసి

2022 నుంచి ఆ నిబద్ధత కోసమే ఎదురుచూశాం. వచ్చే వెళ్లే అధికారి మంచితనం మీద ఆధారపడే ఏర్పాటును హక్కుగా లెక్కించలేము. అందుకే జిల్లాను సమర్థిస్తున్నాను. అయితే ఏటపాక మిత్రులు అడిగినదాన్ని దానికి షరతుగా చేర్చాలి. నిర్వాసితులు ఎక్కడ స్థిరపడినా వారి పరిహారం, భూమి, కుల ధ్రువీకరణ వ్యవహారాలు తేలేదాకా కొత్త జిల్లా కలెక్టరే బాధ్యత వహించాలి, చింతూరు ఐటీడీఏను ఏ కారణంతోనూ రంపచోడవరంలో విలీనం చేయకూడదు. అలాగే వై.రామవరం ఎగువ గ్రామాలకు మండల కేంద్రమే దూరం. వారికి రంపచోడవరం జిల్లా కేంద్రమైనంత మాత్రాన తహసీల్దారు ఒక్క అడుగు కూడా దగ్గరకు రాడు. కాబట్టి జిల్లాతో పాటే మండలాల హద్దులనూ సవరించమని అభ్యంతరాల గడువులోగా కలెక్టరేట్‌కు రాతపూర్వకంగా పంపుదాం. గ్రామసభల తీర్మానాలు జతచేస్తే ఇంకా మంచిది.